తరంగాలు లేని ఇల్లు

"మోసం చేశారు మీరు! ఈ ఇంట్లో ఫోనుంది!"

సోల్వేగ్ చేతిలో, తరంగాలను పసిగట్టే మీటరు కిర్రుమంటోంది. రెండో చేత్తో కణత నొక్కుకుంటూ ఆమె గోడకు ఆనుకుంది.

గున్వోర్ పొయ్యి మీది కాఫీ కెటిల్ దించి ఇటు తిరిగింది. "నా ఇంట్లోనా? కరెంటు తీగలే పీకించేసినదాన్ని! నీకున్న బాధే నాకూ ఉందమ్మా. ఫోను దగ్గరికొస్తే ఒళ్ళంతా మంటలు నాకు."

"మరిదెందుకు మోగుతోంది?"

వేర్మ్‌లాండ్ అడవిలోని ఆ ఎర్ర చెక్క ఇల్లు, ఫోన్ల తరంగాలు, కరెంటు ఒంటికి పడనివాళ్ళు ప్రయాణాల్లో తలదాచుకునే చోటు. కారు రోడ్డు మీదే వదిలేసి చెట్ల మధ్య నడిచి రావాలి. సోల్వేగ్, ఆమె భర్త టూరె అలాగే వచ్చారు. హోటల్లో అడుగుపెడితే చాలు, ఆమెకు వాంతులు.

"పోదాం పద. గొడవెందుకు?" అన్నాడు టూరె. అతని మొహం పాలిపోయి ఉంది.

"పోయి ఎక్కడ పడుకోను? చెట్టు కిందా?"

"వెతుక్కో. అటకతో సహా వెతుక్కో!" గున్వోర్ విసురుగా బయటికెళ్ళి మెట్ల మీద కూర్చుంది. టూరె కూడా బయటే, కట్టెల మోపు దగ్గర నిలబడ్డాడు.

సోల్వేగ్ వంటిల్లు, అటక, పరుపు కింద, చివరికి జామ్ సీసాల వెనక కూడా వెతికింది. మీటరు కిక్కురుమనలేదు. కాసేపటికి గున్వోర్ లోపలికొచ్చింది. వెనకే మంచినీళ్ళ కోసం టూరె వచ్చాడు.

మీటరు కిర్రుమంది.

గున్వోర్ చూపు అతని మీద ఆగింది. "బాబూ, జేబులు చూపించు."

"టూరెనా అనుమానిస్తున్నారు?" సోల్వేగ్ భగ్గుమంది. "నా కోసం ఉద్యోగం మానుకున్న మనిషి! కొవ్వొత్తి వెలుగులో బతుకుతున్నాడు!"

అతను జేబులు బయటికి లాగాడు. చేతిరుమాలు, నలిగిన రొట్టె ముక్క.

"చాలా? మా సంఘంలో అందరికీ చెప్తాను. మనలాంటివాళ్ళెవరూ మళ్ళీ మీ గడప తొక్కరు!" సోల్వేగ్ గదిలోకెళ్ళి దడాలున తలుపేసుకుంది.

ఊళ్ళోకి వెళ్ళలేని గున్వోర్‌కు, వచ్చేవాళ్ళే చుట్టాలు, వాళ్ళే లోకం.

టూరె దగ్గరికొచ్చి చొక్కా పై గుండీలు విప్పాడు. ఎడమ భుజానికి కాస్త కింద, చర్మం లోపల చిన్న ఉబ్బు. దాని మీద కోత గీత ఇంకా ఎర్రగానే ఉంది.

"పేస్‌మేకర్," అన్నాడు గుసగుసగా. "ఉండుండి ఆసుపత్రికి సంకేతాలు పంపుతుంది. అన్నయ్య ఇంటికని చెప్పి వెళ్ళి పెట్టించుకున్నాను."

"ఆమెకు చెప్పలేదా?"

"చెప్తే తీసెయ్యమనదు. నాకు అడ్డం కాకూడదని ఒక్కతే ఎటో వెళ్ళిపోతుంది. ఒకసారి అలాగే వెళ్ళింది. మంచులో స్పృహ లేకుండా దొరికింది." అతను మూసిన తలుపు వైపు చూశాడు. "ఇల్లు చేరాక, వాళ్ళక్కను పక్కన కూర్చోబెట్టుకుని చెబుదామనుకున్నాను."

"అప్పటిదాకా నీ నింద నేను మొయ్యాలా? ఇది నా బతుకయ్యా!"

"మొయ్యొద్దు. మీరే చెప్పేయండి. నాకు నోరు రావట్లేదు."

తలుపు తెరుచుకుంది. టూరె గబగబా గుండీలు పెట్టుకున్నాడు. సోల్వేగ్ సంచితో వచ్చి, కళ్ళు తుడుచుకుని, ముందు తన మఫ్లర్ తీసి అతని మెడకు చుట్టింది. "బయట చలి. నీకసలే ఈమధ్య ఒంట్లో బాగుండట్లేదు."

తరవాత గున్వోర్ వైపు తిరిగింది.

"ఆఖరుసారి అడుగుతున్నాను. నిజం చెప్పండి."

గున్వోర్ ఇద్దరినీ చూసింది. టూరె తల వంచుకున్నాడు.

"ఫోను నా దగ్గరే ఉంది," అంది గున్వోర్, ఖాళీ జేబును అరచేత్తో మూసి.