కొత్తవాళ్ల బజ్జీ

వెళ్లడానికి మనసొప్పని ప్రతిచోటికీ జనం అచ్చం తమలాంటి మరమనిషిని పంపుతున్న రోజులవి. అందుకే గుంటూరులో, భర్తలు పోయిన ఆడవాళ్లు ఆదివారాలు కలుసుకునే గదిలో, కొత్తవాళ్లు ముందుగా మిరపకాయ బజ్జీ తినాలి. మరమనుషులు నమిలి మింగుతాయి కానీ వాటి కంట నీరు రాదు.

కొత్తగా వచ్చిన హైమావతి రెండు బజ్జీలు తినేసింది. కళ్లు పొడిగానే ఉన్నాయి. అందరిలోకీ పెద్దావిడ సరోజినమ్మ లేచి వెళ్లి తలుపు తెరిచింది.

"నిన్ను పంపినావిడకి చెప్పు, తననే రమ్మని."

హైమావతి కుర్చీలోంచి కదల్లేదు.

"నేనేనండీ వచ్చింది. ఆయన పోయి నలభై రోజులైంది. ఒక్క చుక్క రాలేదు. ఇంట్లో మా అత్తగారూ ఇట్లాగే చూస్తున్నారు."

సరోజినమ్మ తలుపు మూసి, బజ్జీల పళ్లెం తీసి అవతల పెట్టింది.