ఆరింటి పాట

చేతిలో ఉండాల్సిన చెయ్యి లేదు.

ఓరపిన్ ఇంతసేపూ బేరం ధ్యాసలో ఉండిపోయింది. కోడిపుంజు బొమ్మ గిన్నెలు అరడజను తీసుకుంటే ఇంకొకటి ఊరికే ఇమ్మని ఈమె, చస్తే ఇవ్వనని కొట్టామె. గిన్నెకి బీట ఉందేమో తిప్పి చూద్దామని ఒక్క క్షణం కూతురి చెయ్యి వదిలింది. అంతే. వెనక్కి తిరిగేసరికి పిల్ల మాయం.

“మఫ్రాంగ్! ఒసే మఫ్రాంగ్!”

ఆదివారం సాయంత్రం, జతుజక్ సంత కట్టేసే వేళ. అక్కడ ఎవరి కేక ఎవరికి వినపడి చస్తుంది? చివరి బేరం, చివరి బేరం అని బట్టల కొట్లవాళ్ళ అరుపులు, కొబ్బరి ఐస్‌క్రీం బండి గంట, మూటలు లాగేవాళ్ళ “తప్పుకోండి, తప్పుకోండి”. నెత్తిమీద రేకులు, రెండు పక్కలా వేలాడే లుంగీలు, లంగాలు. గాలి కూడా దారి అడిగి రావాలి ఆ సందులోకి.

“ఏం రంగు గౌనమ్మాయ్?” అంది గిన్నెల కొట్టామె లమ్యై.

“పసుపు. దానికింకా అయిదేళ్ళు కూడా నిండలేదు పిన్నీ! ఇప్పుడే, ఇదిగో ఇక్కడే నిలబడింది!”

“ఏడవకు. ఏడిస్తే కళ్ళు కనపడవు. నువ్వటు పో, నేనిటు చూస్తా.” ఒక్క గిన్నె కోసం ఇందాకటిదాకా కొట్లాడిన మనిషి, గల్లాపెట్టె అలాగే వదిలేసి బయటికొచ్చింది.

ఓరపిన్ పరిగెత్తింది. కుడికి తిరిగితే చెప్పుల కొట్లు. ఎడమకి తిరిగితే సంచుల కొట్లు. ఇంకో సందు, మళ్ళీ ఇంకో సందు. పదేళ్ళుగా వస్తున్న సంతే, కళ్ళు మూసుకుని తిరిగే సంతే, ఇవాళ ఎటు పోయినా తెచ్చి తెచ్చి ఆ కోడిపుంజు గిన్నెల ముందే పడేస్తోంది. ఒళ్ళంతా చెమటలు.

కాపలావాడు ఎదురొచ్చాడు. “ఆఫీసుకి చెప్పానక్కా. ఇప్పుడే మైకులో పాప పేరు పిలుస్తారు.”

“గేట్లు మూయించండి బాబూ! ఎవడైనా ఎత్తుకుపోతే?”

“ఎన్ని గేట్లని మూస్తామక్కా? జనమంతా ఇళ్ళకి పోయే వేళ.”

అంతలో మైకు గరగరలాడింది. పేరు పిలుస్తున్నారని ఆశగా తలెత్తి చూసింది.

పేరు రాలేదు. జాతీయగీతం వచ్చింది.

ఆరయింది మరి. ఈ దేశంలో రోజూ ఉండేదే, పాట అయ్యేదాకా ఎవరూ కదలకూడదు. బేరాలు ఆగాయి, అరుపులు ఆగాయి, ఐస్‌క్రీం గంట ఆగింది. చేతిలో సంచులున్నవాళ్ళు సంచులతోనే, నోట్లో ముద్ద ఉన్నవాళ్ళు ముద్దతోనే ఎక్కడివాళ్ళక్కడ నిటారుగా నిలబడిపోయారు. సందు మొత్తం మనుషులతో గోడ కట్టేసినట్టయింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అలవాటైన కాళ్ళు కదా, ఓరపిన్ కాళ్ళు కూడా ఆగాయి.

ఆగిన మరుక్షణం తట్టింది. పిల్లని ఎత్తుకుపోయేవాడు పాటకి ఆగుతాడా?

ఎదుటివాళ్ళని తోసుకుంటూ కదిలింది.

“అక్కా, ఒక్క నిమిషం...” కాపలావాడు పెదవి కదపకుండా గొణిగాడు. “అందరూ చూస్తున్నారు.”

“చూడనీ!”

ఎవరి సంచో తొక్కింది. ఎవరి మోచెయ్యో డొక్కలో పొడుచుకుంది. గొంతు చించుకుని పిలిచింది. “మఫ్రాంగ్!”

ఇందాకటి గోల లేదు. పాట మీదుగా ఆ కేక సందు ఆ చివరిదాకా పోయింది. జవాబు లేదు. మళ్ళీ పిలిచింది. లేదు. దాని నోరు ఊరుకునే నోరా? ఒకసారి పిలిస్తే నాలుగుసార్లు పలికే పిల్ల. పలకలేదంటే ఇక్కడ లేనట్టే. తీసుకుపోయారు. ఈ పాటికి ఏ గేటు దాటించారో. అయ్యో నా తల్లీ, ముష్టి గిన్నె కోసం నిన్ను వదిలేశానే!

తలెత్తితే చుట్టూ కళ్ళు. పాట వస్తుంటే ఒక్కతే పిచ్చిదానిలా కదులుతోందని అందరి కళ్ళూ ఆమె మీదే. ఇంక ఏడుపు, కోపం రెండూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

“ఏంటలా చూస్తారు? నా పిల్ల పోయింది! మీరు మనుషులేనా?”

ఎదురుగా ఉన్న ముసలాయన ఇసుమంతైనా కదల్లేదు. కనుగుడ్లు మాత్రం పక్కకి జరిగాయి. మళ్ళీ ఆమె వైపు వచ్చాయి. మళ్ళీ పక్కకి జరిగాయి. ఆయన పక్కనున్న ఆవిడవీ అంతే. మూటలవాడివీ అంతే. అప్పుడు వెలిగింది ఓరపిన్‌కి, వాళ్ళు తనని తిట్టటం లేదు, దారి చూపిస్తున్నారు. అన్ని కళ్ళూ ఒక్క చోటికే పోతున్నాయి, లమ్యై కొట్టు పక్కన వేలాడే లుంగీల వైపు.

ఒక్క ఉదుటున వెళ్ళి ఆ లుంగీలు పక్కకి లాగింది.

పసుపు గౌను. మడమలు రెండూ కలిపి, చేతులు ఒంటికి అతికించుకుని, గడ్డం పైకెత్తి నిలబడి ఉంది మఫ్రాంగ్. కళ్ళమ్మట నీళ్ళు, ముక్కమ్మట నీళ్ళు ధారగా కారుతున్నా తుడుచుకోవటం లేదు. ఓరపిన్ మోకాళ్ళ మీద కూలబడి పిల్లని గుండెలకి హత్తుకుంది. బల్లచెక్కలా బిగుసుకుపోయిన పిల్ల, పెదవులు కదిలీ కదలనట్టు తల్లి చెవిలో గొణిగింది.

“ఉష్... వినపడిందమ్మా! పాట అవ్వగానే పలుకుదామనే నిల్చున్నా, ఈలోగా నువ్వెందుకు కదిలావ్?”