దండ వేసిన ఫొటో

హరీష్ ఫోన్‌లో ఒక బొమ్మ కూర్చుంటోంది, లేస్తోంది. మళ్లీ కూర్చుంటోంది.

అది లూకస్ బొమ్మ. ఎక్కడో బ్రెజిల్‌లో ఉండే కుర్రాడు, హరీష్‌కు ఆటలో జోడీ.

వీడి భాష వాడికి రాదు, వాడి భాష వీడికి రాదు. కూర్చుని లేస్తే నమస్తే. గుండ్రంగా పరిగెత్తితే నా వెంట రా అని. తుపాకీ కింద పడేస్తే అలిగినట్టు. ఆ కాస్త సైగలతోనే రెండేళ్లు ప్రాణంలో ప్రాణంగా ఆడుకున్నారు.

కేసముద్రం నుంచి బండి మీద వస్తుంటే హరీష్‌ను లారీ గుద్దింది. దశదినకర్మ నిన్ననే అయిపోయింది.

"ఎవలే అది?" తల్లి యాదవ్వ అడిగింది.

"అన్న దోస్తు. ఆటకు పిలుస్తాండమ్మా," అంది కావ్య.

"అయ్యో, ఎరుక లేదా? చెప్పు బిడ్డా. ఎన్నొద్దులని ఎదురుచూస్తడు?"

చెప్పాలి. తెలుగులో రాస్తే వాడి భాషలోకి మార్చే యాప్ ఉంది. కానీ 'మా అన్న చనిపోయాడు' అని రాయడానికి కావ్యకు చేతులు రాలేదు. రాస్తే ఇక నిజమైపోతుందని పిచ్చి భయం.

గోడకున్న అన్న పటాన్ని ఫొటో తీసి, ఆటలో అన్న పేరు పక్కన పెట్టింది. పటానికి బంతిపూల దండ, నుదుట కుంకుమ బొట్టు. ఇది చూస్తే పసిపిల్లలకైనా తెలుస్తుంది, ఇక చెప్పేదేముంది అనుకుంది.

బొమ్మ కదలకుండా నిలబడిపోయింది. కావ్యకు దుఃఖం పొంగుకొచ్చింది.

అంతలో బొమ్మ గంతులేసింది. తారాజువ్వలు వదిలింది. తెర మీదికి ఉంగరం వచ్చింది, పెళ్లికూతురు బొమ్మ వచ్చింది, వరసపెట్టి ఎర్రటి గుండెలు వచ్చాయి.

కావ్యకు ముందు ఒళ్లు మండింది. తర్వాత అర్థమైంది. వాళ్ల దేశంలో పోయినవాళ్ల ఫొటోకు దండ వేయరు కాబోలు, మన దండలు పెళ్లి ఫొటోల్లోనే చూసుంటాడు.

"ఏమంటాండే?"

"అన్నకు లగ్గమైందనుకుంటాండమ్మా."

యాదవ్వ గోడకున్న పటం వైపు చూసింది. మరమగ్గం నడిపేవాడికి పిల్లనెవరిస్తారని ఎందరు మొహం మీదే అన్నా, కొడుకు సంబంధం కోసం చెప్పులరిగేలా తిరిగిన తల్లి.

"గట్ల కాదని రాస్తాన్న," అంటూ కావ్య కళ్లు తుడుచుకుంది.

తల్లి ఆమె చెయ్యి పట్టుకుంది. "రాయకు బిడ్డా. వాళ్ల దేశంలనన్న లగ్గమైందనుకోనీ."

ఫోన్ తన ఒళ్లోకి తీసుకుంది. లూకస్ బొమ్మ ఇంకా గంతులేస్తూనే ఉంది.

"పెండ్లి బరాత్‌ల దోస్తులు గిట్లనే ఎగురుతరు," అంది యాదవ్వ.