మూడు ఎర్ర పోగులు

“బావా, ఈడే ఉండాను! నీ ఎదురుగానే ఉండాను!” అని దేవేంద్ర గొంతు చించుకున్నాడు.

లింగప్పకు వినపడలేదు. దేవేంద్ర ఛాతీలోంచి చెయ్యి పోనిచ్చి గోడకున్న టార్చి తీసుకుని సంచిలో వేసుకున్నాడు. దేవేంద్రకు నొప్పి తెలియలేదు, కనీసం చక్కిలిగింత కూడా కలగలేదు.

మొన్న పొద్దున ‘పెనుకొండ’ అనే ఆ అంతరిక్ష ఓడ ఇంజన్ గదిలో ఒక్క మెరుపు మెరిసింది. దాంతో ఇంజన్ చచ్చింది. పక్కనే ఉన్న దేవేంద్ర ఎవరి కంటికీ కనపడకుండా, ఎవరి చేతికీ తగలకుండా అయిపోయాడు. కాలి బూడిదయ్యాడనుకున్నారు ఓడలో మిగిలిన ఇద్దరూ. మొదటిరోజు దేవేంద్ర ఏడ్చాడు. రెండోరోజు ఇద్దర్నీ బండబూతులు తిట్టాడు. ఇప్పుడు మనసు మొద్దుబారిపోయింది.

“లింగప్పన్నా, ఇంక అర్ధగంటే ఉండాది. పడవ రెడీ చేసినా,” అంది కెప్టెన్ ఎస్తేరు. హిందూపురం మనిషి. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు వాచిపోయి ఉన్నాయి.

ప్రాణాలు దక్కించుకోవడానికి ఉన్నది ఆ చిన్న పడవ ఒక్కటే. అది పోతే మళ్లీ రాదు. ఈ చచ్చిన ఓడలో దేవేంద్ర ఒక్కడే మిగులుతాడు. ఆకలి వేయదు, చావూ రాదు. ధర్మవరంలో భార్య వరలక్ష్మి మాత్రం ఏడాదికోసారి తిథి పెడుతూ ఉంటుంది.

పడవెక్కి ఓ మూల కూర్చోవచ్చు కదా అంటారేమో, ఆ ముచ్చటా తీరింది. మొన్న ఎస్తేరు పడవను గజం దూరం జరిపి చూసింది. పడవ జరిగింది. అందులో కూర్చున్న దేవేంద్ర మాత్రం ఉన్నచోటే ఉండిపోయాడు.

ఎందుకో గానీ, చేతికి తగిలేది పట్టు ఒక్కటే. ఎండను పట్టుకుని నడిచే ఆ ఓడకు పట్టు తెరచాప ఉంది. అది చిరిగితే అతకడానికే ధర్మవరం నేతగాళ్లయిన ఈ బావాబామ్మర్దులను మగ్గంతో సహా ఎక్కించారు. తీరిక దొరికినప్పుడల్లా దేవేంద్ర ఆ మగ్గం మీద వరలక్ష్మికి చీర నేసేవాడు. అది సగం దాకా వచ్చి ఆగింది.

పట్టుదారంతో గాలిలో అక్షరాలు పేర్చి చూశాడు. బరువే లేని ఓడలో అవి నిలవలేదు. మగ్గం మీద అక్షరాలు నేయాలంటే బొమ్మలు దింపే చిల్లుల జకార్డు అట్టలు కావాలి, అవి చేతికి చిక్కవు. చివరికి నిన్నంతా తిట్టుకుంటూనే కూర్చుని, ఒక్కో పోగునూ వేలితో ఎత్తి, సగం చీర మీద మూడు ఎర్ర పోగులు నేశాడు. అది దేవేంద్ర గుర్తు. చీర ముగిసిన ప్రతిసారీ కొసన ఆ మూడు పోగులు వేయడం వాళ్ల నాయన నేర్పిన అలవాటు. ధర్మవరం మొత్తంలో ఇంకెవరూ వేయరు. బావ కంట్లో పడితే చాలు, ఇట్టే పట్టేస్తాడు.

లింగప్ప సంచి భుజాన వేసుకుని, చివరిసారిగా మగ్గం దగ్గరకు వచ్చాడు. చూసి ఆగిపోయాడు.

“ఎస్తేరమ్మా, ఇట్ల రా. ఈ ఎర్ర పోగులు నువ్వేసినావా?”

“నాకు గుండీ కుట్టుకునేదే రాదు కదన్నా. మొన్న లేవే ఇవి!”

“నేనూ వేయలేదు.” లింగప్ప ఆ పోగులను వేలితో తడిమాడు. “మా దేవేంద్ర వేసినాడు. ఇది వాని గుర్తు.”

మొద్దుబారిన మనసు ఒక్కసారిగా కదిలింది. “నేనే బావా! నేనే!” అని దేవేంద్ర అరిచాడు.

“అంటే ఆ అన్న ఈడే ఉండాడంటావా?”

“ఉండాడమ్మా. మనల్ని చూస్తానే ఉండాడు.”

“మరి ఏం చేద్దాం?”

“ఇట్ల వదిలేసి పోతే మా చెల్లెలికి ఏం మొగం చూపేది?” అంటూ లింగప్ప కత్తెర తీసి మగ్గం మీది చీరను కోశాడు. మడిచి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద పెట్టుకున్నాడు.

దేవేంద్రకు ప్రాణం లేచొచ్చింది. చీర అంచున తేలే దారాలను గుప్పెడు పట్టుకుని మణికట్టుకు చుట్టి ముడేశాడు. తెగిన పోగును అతకడానికి నేతగాళ్లు వేసే ముడి అది. లాగేకొద్దీ బిగుస్తుందే తప్ప ఊడదు. పడవ ఎంత వేగంగా దూకినా ఇంక తనను ఈడ్చుకుపోవాల్సిందే.

గాలిలో ఉంగరంలా తేలుతున్న దారాలను ఎస్తేరు చూసింది. ఆ ఓడలో ఏ దారమైనా అలాగే తేలుతుంది కాబట్టి పట్టించుకోలేదు.

నడవలో ఎడమకు తిరిగితే పడవ. లింగప్ప కుడికి తిరిగాడు. ఏదో మరిచిపోయాడు కాబోలు అనుకున్నాడు దేవేంద్ర.

కుడివైపు చివర చిన్న గది ఉంది. దానికి రెండు తలుపులు. ఒకటి ఓడలోకి, రెండోది బయటి శూన్యంలోకి. లింగప్ప చీరను ఆ గదిలో పెట్టి, దాని మీద కుంకుమ అద్ది, మొదటి తలుపు మూశాడు.

“మూడో దినం కదమ్మా ఈ పొద్దు. శవం కూడా దొరకలేదు,” అన్నాడు. “చీర ముగిస్తేనే ఆ పోగులు వేస్తాడు వాడు. సగం చీరకే వేసినాడంటే, ఇంక నా పని అయిపోయింది, సాగనంపు బావా అని అడిగినట్టే. ఈ చీరే వాని కాయమనుకుందాం.”

ఎస్తేరు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది.

“గోవిందా... గోవింద!” అంటూ లింగప్ప కళ్లు తుడుచుకుని రెండో తలుపు మీట నొక్కేసరికి, దేవేంద్ర ఇంకా గోళ్లతో ముడి విప్పుకుంటూనే ఉన్నాడు.