నెల ముందా, రోజు ముందా

గొడ్డలి లేవకముందే అమ్మిరాజు ముక్కు పగిలింది.

ఫరంపేట రేవులో ఇసుక మీదికి రెండు పడవలు లాగి పక్కపక్కన పెట్టారు. ఒకటి అమ్మిరాజుది. రెండోది వెంకటరాజుది. జాలర్ల సంఘం కట్టుబాటు అది. వేట నిషేధంలో ఫలానావాడు సముద్రంలోకి వెళ్ళాడని నేరం మోపేవాడు తన పడవను కూడా తెచ్చి పక్కన పెట్టాలి. నేరం నిజమైతే వెళ్ళినవాడి పడవను నరికేస్తారు. అబద్ధమైతే చెప్పినవాడిది.

నిషేధం జూన్ పద్నాలుగుతో ముగిసి నెల దాటింది. రేవు కెమెరాకు కలిపిన సంఘం కంప్యూటర్లో మాత్రం అమ్మిరాజు పడవకు ఎదురుగా, వేటకెళ్ళిన తేదీ 07/06 అని ఉంది. దాని కింద ఎర్ర గీత.

“జూన్ ఏడు! తెల్లారి వస్తుంటే ఈ కళ్ళతో సూసేను. ఒప్పుకోడేంటి దొంగముండాకొడుకు?”

వెంకటరాజు తెడ్డు తిరగేసి అమ్మిరాజు మోకాలి మీద కొట్టాడు. అమ్మిరాజు కూలబడ్డాడు. పడినవాణ్ణి ఇంకో ఇద్దరు డొక్కలో తన్నారు.

“ఆపండి!”

అది అమ్మిరాజు కూతురు సాయిదివ్య గొంతు. డిగ్రీలో కంప్యూటర్లు చదువుతోంది. సంఘానికి ఆ ప్రోగ్రాం రాసిచ్చింది తనే. నలుగురిలో ఆ పిల్ల నోరు విప్పగా ఎవరూ వినలేదు. లాప్‌టాప్ గుండెకు హత్తుకుని గుంపులోకి దూరింది.

“పెద్దనాన్నా, అది జూన్ ఏడు కాదు. జులై ఆరు.”

సంఘం పెద్ద ఆంథోనీ గొడ్డలి భుజాన వేసుకున్నాడు. “ఏంటే పిల్లా? రోజు ముందు, నెల తర్వాత. మా తాతల కాడినుంచీ అంతేగా?”

“మనకంతే. కెమెరా మన దేశంలో చేసింది కాదు కదా. అది నెలను ముందు పెట్టి పంపుతుంది. నా ప్రోగ్రాం దాన్నే రోజనుకుంది. తప్పు నాదే.”

“మరి మా పడవల తేదీలు బానే పడ్డాయేం?” అన్నారెవరో.

“తేదీ పన్నెండు దాటితే పర్లేదండి. ఇరవయ్యో నెలంటూ ఉండదు కదా, మిషనే సర్దుకుంటుంది. పన్నెండు లోపలివే తారుమారవుతాయి.”

ఐస్ పెట్టె మీద లాప్‌టాప్ పెట్టింది. తేదీని చదివే చోట నెలను ముందుకు జరిపింది. నాన్న పడవ ఉన్న ఆ ఒక్క వరుసనే మళ్ళీ చదివించింది. నిషేధం ముగిసిన రోజుతో పోల్చమంది. తెర మీద అక్షరాలు పడ్డాయి. జులై 6. ఎర్ర గీత పచ్చగా మారింది.

గుంపు గొల్లున నవ్వింది.

“తాగి సూసుంటావురా ఎంకట్రాజూ!”

“మిషనుకి కళ్ళున్నాయేంట్రా? నాకున్నాయి! నా బిడ్డల మీదొట్టు, జూన్‌లోనే సూసేను!”

“అయితే చెప్పు,” అన్నాడు ఆంథోనీ. “ఒక్కడే వల లాగలేడు కదా. పడవలో రెండోవాడెవడు?”

వెంకటరాజు నోరు తెరిచాడు. గుంపు వైపు ఒకసారి చూశాడు. నోరు మూసుకున్నాడు.

“ఎవడ్రా?”

వెంకటరాజు తల అడ్డంగా ఊపాడు.

“తెలిస్తే కదా చెప్పడానికి!” ఆంథోనీ గొడ్డలి ఎత్తి రెండో పడవ మీదికి నడిచాడు.

వెంకటరాజు పరిగెత్తి పడవ మీద బోర్లా పడ్డాడు. ఇందాక అమ్మిరాజును తన్నిన ఇద్దరే ఇప్పుడతని జుట్టు పట్టుకున్నారు. తెడ్డు వీపు మీద పడింది. మెడ మీద పడింది. అయినా అంచు వదల్లేదు. గొడ్డలి దిగింది. చెక్కతోపాటు అతని రెండు వేళ్ళు తెగి ఇసుకలో పడ్డాయి.

అతని అరుపుకు రేవులో కాకులు లేచిపోయాయి.

ఆ తర్వాత పడవ ముక్కలు కావడానికి ఎంతోసేపు పట్టలేదు. సాయిదివ్య కొంగుతో నాన్న ముక్కు మీది రక్తం తుడుస్తూ తల దించుకుని కూర్చుంది. వెంకటరాజు చేతిని పొట్టకు అదుముకుని ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

“ఇంటికెళ్ళు పాపా,” అని మాత్రం అని వెళ్ళిపోయాడు.

జూన్ ఏడున అమ్మిరాజు పడవలో రెండో కొస పట్టుకుని వల లాగింది సాయిదివ్యేనని అతను ఎవరికీ చెప్పనే లేదు.