ఇంకో ధరూరు

బాలనాగమ్మ బువ్వ తిని గిన్నె కడుగుతుండగా శవాల బండి వచ్చి వాకిట్లో ఆగింది. వీధి కుక్కలు ఒక్కటీ మొరగలేదు.

"అక్కా, ధరూరు వెంకట్రాములు ఇల్లు ఇదేనా? దవాఖాన నుంచి పీనుగను తెచ్చిన," అన్నాడు డ్రైవరు.

ఆమె భర్త పేరు అదే. కాని ఆయన పోయి మూడేళ్లయింది. చేను గట్టునే మట్టి చేశారు. అప్పటి నుంచి ఆమెకు ఏడుపూ రాదు, భయమూ రాదు.

"వికారాబాదు దిక్కు ఇంకో ధరూరు ఉంది నాయినా. జల్ది పో. ఆడ ఆయన పెండ్లాం ఎదురుచూస్తుంటది."

"ముందు ఆడికే పోయినక్కా. దింపనియ్యలే. ఇది కాదు, గద్వాల కాడి ధరూరుకు తోలుమన్నడు."

"ఎవలు?"

డ్రైవరు తల తిప్పకుండా, వేలితో బండి వెనక తలుపు చూపించాడు.

లోపల ఎవరో దగ్గారు. రెండుసార్లు దగ్గి, ఆగి, మళ్లీ ఒకసారి. ఆ చుట్ట దగ్గు పక్కన ఆమె ముప్పై ఏళ్లు పడుకుంది.

"దింపాల్నా, తిరిగి తోల్కపోవాల్నా అక్కా?"

బాలనాగమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంది. లోపలికి పోయి, ఆరిన పొయ్యి మీద మళ్లీ ఎసరు పెట్టింది.