పరుగు ఎవరిది?

“నిజం చెప్పు. ఎక్కడ కాపీ కొట్టావ్?”

యజమాని నరసింహమూర్తి గొంతుకి ఆఫీసులో కీబోర్డులన్నీ ఆగిపోయాయి.

రమ్య తల దించుకుంది.

ఏలూరులో నలుగురు పనిచేసే ఆ చిన్న కంప్యూటర్ ఆఫీసుకి అమెరికా కంపెనీ ఒకటి పని ఇచ్చింది. వాళ్ల ఫుట్‌బాల్ మీద కంప్యూటర్ గేమ్. బొమ్మలుండవు. ఆటంతా తెర మీద వాక్యాలుగా నడుస్తుంది. అందులో క్వార్టర్‌బ్యాక్ అనేవాడి పని బంతిని తనవాళ్లకి విసరడం. అందుకునేవాడు దొరక్కపోతే బంతి పట్టుకుని అవతలి గీత దాటేలా తనే పరిగెత్తాలి. ఆ పరుగుని నలభై రకాలుగా రాయడం రమ్య వంతు.

“ఇది రాసినవాడు ప్రాణాలకి తెగించి పరిగెత్తినవాడే, పేరేంటి, ఏ టీముకి ఆడాడు అని అడుగుతున్నారు వాళ్లు. నువ్వేమో ఆ ఆట కంటితో చూడలేదంటావ్! దొంగసరుకని తేలితే కాంట్రాక్టూ పోతుంది, నీ ఉద్యోగమూ పోతుంది.”

“రైల్లో ఒకాయన చెప్పారండీ.”

“పేరు?”

“అడగలేదండీ.”

“రేపు పొద్దున్నే వాళ్లు ఫోన్ చేస్తారు. అప్పటికి ఆ దొంగ పేరు కావాలి నాకు.”

రోజూ తాడేపల్లిగూడెంలో ఆమె రైలెక్కేసరికే ఆయన కిటికీ పక్కన ఉండేవారు, మోకాళ్ల మీద దుప్పటి కప్పుకుని. పక్కసీట్లో తువ్వాలు వేసి ఆమెకి చోటు ఆపేవారు. ఆమె ఏలూరులో దిగిపోయేది. ఆయన బెజవాడ దాకా.

‘ఐదు గజాలు పరిగెత్తాడు’ అని ఆమె రాసుకుంటుంటే ఓరోజు తొంగిచూసి నవ్వారు.

“అది కొలత తల్లీ. పరుగేదీ?”

“మరెలా రాయాలండీ?”

“విసరడానికి చెయ్యెత్తాడు. ఎవరూ లేరు. బంతిని చంటిపిల్లాడిలా పొట్టకి అదుముకున్నాడు. ఒక భుజం దిగింది. అరికాలి కింద నేల కాలింది. అప్పుడు కదమ్మా పరుగు!”

“మీరు ఆడేవారా?”

“కబడ్డీ బరి ఎక్కడుంటే నేనక్కడ ఉండేవాణ్ణి.”

అలా నలభై పూర్తయ్యాయి.

పోయినవారం భీమడోలులో ఓ నిండు చూలాలు ఎక్కింది. ఆయన కదల్లేదు.

“అమ్మాయ్, నువ్వు కాస్త లేస్తావా?” అన్నారు రమ్యతో.

లేచింది గానీ ఒళ్లు మండిపోయింది. తను రాయిలా కూర్చుని పక్కవాళ్లని లేపుతాడా! ఆ రోజు నుంచి మాటలు మానేసింది.

ఇవాళ పొద్దున కూడా ఆయన మెల్లగా అడిగారు. “మనవాడు గీత దాటాడా అమ్మా?”

రమ్య వినపడనట్టు పుస్తకం తిప్పింది.

మర్నాడు రైలెక్కి చూస్తే కిటికీ సీటు ఖాళీ. పక్కసీట్లో మాత్రం తువ్వాలుంది.

“నీకే. కూర్చో,” అంది ఎదురుగా ఉన్న గంగాభవాని. నిడదవోలు నుంచి రోజూ వచ్చే నర్సు. “మదార్ గారు నిన్నటితో రిటైరయ్యారు. సాయంత్రమే కూతురి దగ్గరికి హైదరాబాద్ వెళ్లిపోయారు. నీకు చోటు ఆపమని ఆ తువ్వాలు నాకిచ్చారు.”

రమ్య తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

అంతలో సెల్ మోగింది. నరసింహమూర్తి. “ఏవమ్మా, దొంగ దొరికాడా? వాళ్లు లైన్లో ఉన్నారు. ఏ టీమో చెప్పు!”

“ఆయన ఏ టీముకి ఆడేవారండీ?” గంగాభవానిని అడిగింది రమ్య.

గంగాభవాని వింతగా చూసింది. “ఇన్నాళ్లూ పక్కనే కూర్చున్నావ్, నీకు తెలీదా?” అని రెండు ముక్కల్లో చెప్పింది.

రమ్య తువ్వాలుని పొట్టకి అదుముకుంది.

ఫోన్లో నరసింహమూర్తి అరుస్తూనే ఉన్నాడు. “పేరు! ముందు పేరు చెప్పు!”

“ఆ పరుగులన్నీ షేక్ మదార్ గారివండీ,” అంది రమ్య, పెట్టెంతా వినపడేలా. “మూడో ఏట పోలియో వచ్చిన దగ్గర్నుంచీ ఒక్కసారి కూడా తన కాళ్ల మీద నిలబడని మదార్ గారివి.”